గొర్రె కార్జంలో జలగ – పాత మందుకు కొత్త పని



ఈ రోజు నేను చెప్పబోయే సంగతి వినగానే, "గొర్రెల జబ్బులతో, వాటి మందులతో మనకేం పని? మనమేమన్నా మందను మేపుతున్నామా?" అని మీలో కొందరు అనుకోవచ్చు. మేపకపోయినా ఆదివారం పూట మాంసం కొట్టు దగ్గర నిలబడేది మనమే కదా. ఒంటికి రక్తం పడుతుందని, నీరసంగా ఉన్న పిల్లలకోసం కార్జం ప్రత్యేకంగా అడిగి తెచ్చి వండేదీ మనమే. అలా తెచ్చిన కార్జాన్ని కోసేటప్పుడు లోపలి గొట్టాలు తెల్లగా, గట్టిగా కత్తికి అడ్డుపడటం ఎప్పుడైనా చూశారా? ఆ గొట్టాల్లోంచి చిన్న ఆకులాంటి పురుగు జారి పడటం చూశారా? చూసినవాళ్లు ఆ పూట కార్జం వండి ఉండరు. ఆ పురుగునే కార్జపు జలగ అంటారు. డాక్టర్లు లివర్ ఫ్లూక్ అంటారు.

దీన్ని చంపడానికి వందేళ్లుగా మనిషి పడుతున్న పాట్లు చాలా ఉన్నాయి. చిత్రమేమిటంటే, అందులో చాలా మందులు మొదట ఈ జలగకోసం పుట్టినవి కావు. వేరే పురుగుకోసమో, వేరే పనికోసమో పుట్టిన మందును తెచ్చి దీని మీద ప్రయోగించి చూశారు. కొన్ని ఫలించాయి, కొన్ని బెడిసికొట్టాయి. ఎందుకు ఫలించాయో, ఎందుకు బెడిసికొట్టాయో తెలుసుకుంటే, మన ఇంటి అలమరలో మిగిలిపోయిన మాత్రల విషయంలో కూడా మనకు బుద్ధి వస్తుంది. అందుకే ఈ ప్రసంగం.

ముందు ఈ జలగ సంగతి కొంచెం చూద్దాం. పేరు జలగే గాని, చెరువులో కాలిని పట్టుకునే జలగకూ దీనికీ చుట్టరికం లేదు. ఇది ఆకులాగా పల్చగా, బల్లపరుపుగా ఉండే పరాన్నజీవి. ఇందులో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. చల్లటి దేశాల్లోనూ, మన దేశంలో హిమాలయ ప్రాంతాల్లోనూ ఉండేది ఫాసియోలా హెపాటికా. అది సుమారు 3 సెంటీమీటర్ల పొడవుంటుంది. మన మైదానాల్లో ఉండేది ఫాసియోలా జైజాంటికా. పేరుకు తగ్గట్టే ఇది ఇంకా పొడవు.

గొర్రె కడుపులోకి ఇది ఎలా వస్తుంది? కార్జంలో ఉన్న పెద్ద జలగ రోజుకు వేల గుడ్లు పెడుతుంది. అవి పైత్యరసంతో పేగులోకి జారి, పెంటికలతో బయట పడతాయి. ఆ పెంటికలు తడినేలలో, చెరువు గట్టున, కాలువ అంచున పడితే గుడ్డు పగిలి కంటికి కనిపించనంత చిన్న పిల్ల బయటికొస్తుంది. దానికి ఆయుష్షు ఒక్కరోజు. ఆ ఒక్కరోజులో తనకు తగిన నీటినత్త దొరకాలి. దొరికిందా, ఆ నత్త ఒంట్లో దూరి ఒకటి వందలవుతుంది. కొన్ని వారాల తరవాత ఆ వందల పిల్లలూ తోకలతో ఈదుకుంటూ నత్తలోంచి బయటికొచ్చి, నీటి అంచున ఉన్న గడ్డిపోచల మీద ఎక్కి, తోక వదిలేసి, చుట్టూ గట్టి గుల్ల కట్టుకుని కూర్చుంటాయి. ఎండాకాలం పచ్చిక ఎక్కడా లేక చెరువు లోపల మిగిలిన ఆ కాస్త పచ్చగడ్డికి గొర్రెలు దిగుతాయి. గడ్డితో పాటు గుల్లలూ లోపలికి వెళ్తాయి.

ఆ తరవాత జరిగేదే అసలు ఘోరం. పేగులో గుల్ల విడిపోయి, పిల్ల జలగ పేగుగోడను తొలుచుకుని బయటపడి, కార్జానికి చేరి, ఆ మెత్తటి కండను తింటూ వారాల తరబడి దారులు తొలుస్తుంది. రెండున్నర మూడు నెలలు గడిచేసరికి పెద్దదై పైత్యరసనాళాల్లో స్థిరపడి, రక్తం తాగుతూ గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. చికిత్స చేయకపోతే ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది.

అంటే ఇది ఒక జబ్బు కాదు, రెండు జబ్బులన్నమాట. పిల్ల జలగలు ఒక్కసారిగా వందల కొద్దీ చేరితే కార్జం లోపలే రక్తం కారి, నిన్నటిదాకా బాగానే మేసిన గొర్రె పొద్దున్నకల్లా చచ్చి పడి ఉంటుంది. పెద్ద జలగలైతే నెమ్మదిగా చంపుతాయి. గొర్రె చిక్కిపోతుంది, కనురెప్ప తిప్పి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంటుంది, దవడ కింద నీరు దిగి సంచిలాగా వేలాడుతుంది, ఉన్ని రాలిపోతుంది, ఈనిన తల్లికి పాలుండవు. ఈ రెండు వయసుల తేడాను మీరు గుర్తుంచుకోండి. మందుల కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇది చిన్న నష్టం కాదు. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 1 కోటి 90 లక్షల గొర్రెలు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1 కోటి 76 లక్షల గొర్రెలు ఉన్నాయి. దేశం మొత్తం మీద మొదటి రెండు స్థానాలూ మనవే. మంద ఉన్న ఇంట్లో గొర్రె అంటే బ్యాంకులో డబ్బులాంటిది. పిల్ల పెళ్లికి రెండు, కొడుకు ఫీజుకు ఒకటి, ఆసుపత్రి ఖర్చుకు ఒకటి అని ఆ ఇంటి ఇల్లాలు లెక్క వేసుకుంటుంది. మందలో పది గొర్రెలు పోతే ఆ లెక్కంతా తారుమారు.

ఇతర దేశాల్లోనూ ఇదే గోడు. ఇంగ్లండులో 1879-80లో వానలు విపరీతంగా కురిసి ఈ జబ్బు విరుచుకుపడింది. సుమారు 30 లక్షల గొర్రెలు పోయాయని లెక్క. ఆ దెబ్బతోనే శాస్త్రజ్ఞులు కదిలారు. ఇంగ్లండులో థామస్, జర్మనీలో లాయికార్ట్, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా పనిచేసి, 1880 దశకం మొదట్లో నత్త ద్వారా సాగే ఈ జీవితచక్రాన్ని విడమరచి చెప్పారు. శత్రువు ఎవరో తెలిసింది. కాని చేతిలో మంచి ఆయుధం లేదు.

మొదటి గట్టి ఆయుధం ఎక్కణ్ణించి వచ్చిందో తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు. పట్టుబట్టల మీద మరకలు తీయడానికి డ్రై క్లీనింగ్‌లో వాడిన ద్రవం, మంటలార్పే గొట్టాల్లో నింపిన ద్రవం – కార్బన్ టెట్రాక్లోరైడ్. అమెరికాలో పశువుల వ్యాధుల మీద పనిచేసే మారిస్ హాల్ అనే ఆయన 1921లో ఇది కొంకిపురుగులను చంపుతుందని కనిపెట్టాడు. మనుషులకు కూడా కొంకిపురుగులకు ఇచ్చారు. కొంకిపురుగును చంపినది కార్జపు జలగను ఎందుకు చంపకూడదు అనే ఆలోచన వచ్చి, 1920 దశకం మధ్యలో బ్రిటన్‌లో గొర్రెలకు ఇచ్చి చూశారు. గొర్రెకు ఒక్క సి.సి. చాలు, పెద్ద జలగలు చచ్చాయి. చవకైన మందు కనుక దేశదేశాలా వాడారు.

కాని ఇందులో ఒక తిరకాసు ఉంది. ఈ ద్రవం కార్జానికే విషం. ఒంట్లోకి వెళ్లాక దీన్ని విరిచి ఇంకా ప్రమాదకరంగా మార్చేది కార్జమే. జలగలు తొలిచి ముందే పుండైన కార్జానికి, ఆ కార్జాన్నే చెరిచే మందు పోయడమన్నమాట! చాలా గొర్రెలు తట్టుకున్నాయి, కొన్ని మందుకే చచ్చాయి. పైగా ఇది పెద్ద జలగలనే చంపుతుంది, కార్జాన్ని తొలిచే పిల్ల జలగల జోలికి పోదు. 1960 దశకంలో మెరుగైన మందులు వచ్చాక ఇది క్రమంగా పక్కకు పోయింది.

ఇలాంటిదే మరొకటి హెక్సాక్లోరోఫీన్. ఇది క్రిములను చంపుతుందని స్నానపు సబ్బుల్లో, పసిపిల్లల పౌడర్లలో కలిపేవారు. దీన్ని కూడా గొర్రెల జలగ మీద ప్రయోగించారు, పెద్ద జలగల మీద పనిచేసింది. అయితే 1972లో ఫ్రాన్సులో ఒక పౌడరులో పొరపాటున ఇది మోతాదు మించి కలిసి పసిపిల్లలు చనిపోయారు. ఆ ఏడే అమెరికాలో దీని వాడకం మీద కట్టుబాట్లు పెట్టారు. సబ్బులో ఉన్నంత మాత్రాన ఏదీ నిరపాయం కాదని అప్పుడు లోకానికి తెలిసొచ్చింది.

ఇక మనందరికీ తెలిసిన మందు దగ్గరికి వద్దాం. 2015 నుంచి ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నివారణ దినం జరుపుతున్నారు. బడిలో పిల్లల చేత నమిలించే ఆ మాత్ర ఆల్బెండజోల్. ఇది మొదట పశువులకు వాడుకలోకి వచ్చి, 1980 దశకంలో మనుషులకూ వచ్చిన మందు. గొర్రెల కాపరులు నట్టల మందు అనేవాటిలో ఇదీ ఒకటి. గొర్రె పేగుల్లోని గుండ్రటి పురుగులకు దీన్ని కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తారు. అదే మందును కిలోకు 7.5 మిల్లీగ్రాములకు పెంచితే పెద్ద కార్జపు జలగల మీద కూడా పనిచేస్తుంది. మందు ఒకటే, సీసా ఒకటే, మోతాదు సగం పెరిగితే కొత్త పని!

ఇదేదో బాగానే ఉందే అనిపిస్తుంది కదూ. కాని ఇక్కడే జాగ్రత్తగా వినండి. 5 మిల్లీగ్రాములు ఇచ్చి జలగకు కూడా మందు పోశానని నిశ్చింతగా ఉన్న కాపరికి నష్టమే. నట్టలు పోతాయి, జలగలు ఉంటాయి. 7.5 ఇచ్చినా మూడు నెలలు నిండని జలగలకు అది చాలదు. పైగా ఈ మందు కడుపులో పిండం ఏర్పడుతున్న తొలి రోజుల్లో తల్లి గొర్రెకు ఇస్తే పిల్ల అవయవలోపంతో పుట్టే ప్రమాదం ఉంది. అందుకని పొట్టేలుతో కలిపినప్పటినుంచి మొదటి నెలంతా పెద్ద మోతాదు ఇవ్వకూడదు. మోతాదు పెరిగితే మందు బలమే కాదు, దాని ప్రమాదమూ పెరుగుతుంది.

మరి ఒక పురుగును చంపే మందు అన్ని పురుగులనూ ఎందుకు చంపదు? దీనికి మంచి ఉదాహరణ ప్రాజిక్వాంటెల్. 1970 దశకంలో జర్మనీలో తయారైన ఈ మందు బద్దెపురుగులను చంపుతుంది. రక్తనాళాల్లో ఉండే జలగలను చంపుతుంది. థాయిలాండులో, చైనాలో పచ్చి చేపలు తినేవాళ్లకు వచ్చే మరో రకం కార్జపు జలగలను కూడా చంపుతుంది. ఇంత మొనగాడు మందు, ఈ గొర్రె జలగను మాత్రం ఏమీ చేయలేదు. చాలా ఏళ్లు కారణం అంతుపట్టలేదు. చివరికి 2021లో అమెరికా శాస్త్రజ్ఞులు చెప్పారు: మందు వెళ్లి అతుక్కోవలసిన చోట, ఈ జలగ ఒంట్లోని ప్రోటీనులో ఒక్క చిన్న భాగం వేరుగా ఉందట. తాళంచెవి అదే, తాళమూ చూడటానికి అదే, కాని లోపల ఒక్క పన్ను తేడా. తాళం తిరగదు.

ఐవర్‌మెక్టిన్ కూడా అంతే. జపాన్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వచ్చి, పశువుల మందుగా మొదలై, ఆఫ్రికాలో లక్షల మందిని నదీతీరపు అంధత్వం నుంచి కాపాడింది. దానికి మూలమైన పరిశోధనకు ఓమురా, క్యాంప్‌బెల్ అనే ఇద్దరికి 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. గుండ్రటి పురుగులకు, పేలకు, గజ్జికి అది దివ్యౌషధం. కార్జపు జలగకు మాత్రం అది మంచినీళ్లతో సమానం.

తాళం సరిపోవడం ఒక్కటే చాలదు, మందు జలగ ఉన్న చోటికి చేరాలి. క్లోసాంటెల్, రఫాక్సనైడ్ అని మందులున్నాయి. ఇవి రక్తంలోని ప్రోటీనుకు గట్టిగా పట్టుకుని చాలా రోజులు రక్తంలోనే తిరుగుతాయి. పైత్యరసనాళాల్లో కూర్చుని రక్తం తాగే పెద్ద జలగ, రక్తంతో పాటు ఆ మందునూ తాగి చస్తుంది. కాని కార్జపు కండను తింటూ తిరిగే లేత పిల్ల జలగకు ఆ మందు తగినంత అందదు. చూశారా, ఒకే కార్జంలో తల్లి చస్తుంది, పిల్ల బతుకుతుంది. ఇంకో మాట. క్లోసాంటెల్ మోతాదు మించితే గొర్రెకు కళ్లు పోతాయి. అందుకే ప్రతి గొర్రె బరువూ కంటితో ఉజ్జాయింపుగా కాకుండా తూచి తెలుసుకోవాలంటారు పశువైద్యులు.

పిల్ల జలగలను కూడా చంపే మందు 1983లో వచ్చింది. దాని పేరు ట్రైక్లాబెండజోల్. ఆల్బెండజోల్‌కు చెల్లెలు వరస. చిత్రం చూడండి, అక్క ముఖ్యంగా గుండ్రటి పురుగులను చంపుతుంది, చెల్లెలికి గుండ్రటి పురుగులతో పని లేదు, జలగలే కావాలి. గొర్రె ఒంట్లోకి చేరి కొన్ని రోజులే అయిన లేత జలగ నుంచి ముసలి జలగ దాకా అన్ని వయసులనూ చంపుతుంది. అంతకంటే ఏం కావాలి? దేశదేశాల రైతులు ఊపిరి పీల్చుకున్నారు. వేరే ఏదీ వద్దని ఏటేటా, మళ్లీ మళ్లీ ఇదే పోశారు.

అంతలోనే అడ్డం తిరిగింది. 1995లో ఆస్ట్రేలియాలో ఈ మందుకు లొంగని జలగలు బయటపడ్డాయి. ఆ తరవాత ఐర్లండు, స్కాట్లండు, నెదర్లాండ్స్, ఇంకా ఎన్నో చోట్ల అదే మాట. ఒకే మందును పదేపదే పోస్తే ఏమవుతుంది? లొంగే జలగలన్నీ చస్తాయి. లొంగనివి నాలుగైదు మిగులుతాయి. గడ్డి అంతా వాటి సంతానంతోనే నిండుతుంది. మన ఇళ్లలో ఒకే దోమల మందు ఏళ్ల తరబడి కొట్టి, చివరికి అది కొట్టినా దోమ కదలకపోవడం మనం చూస్తున్నదే కదా.

ఇందులో మనుషుల ప్రాణాలు కూడా ముడిపడి ఉన్నాయి. ఈ జలగ గొర్రెలకే కాదు, నీటి అంచున పెరిగిన ఆకుకూరలను పచ్చిగా తినేవాళ్లకు కూడా పడుతుంది. ఇరాన్‌లో కాస్పియన్ సముద్రం పక్కనున్న గిలాన్ ప్రాంతంలో 1989లో వేలాది మంది దీని బారిన పడ్డారు. గొర్రెల కోసం పుట్టిన ట్రైక్లాబెండజోల్ అక్కడినుంచి మనుషులకూ అక్కరకొచ్చింది. 2019లో అమెరికా కూడా మనుషుల మందుగా దాన్ని ఆమోదించింది. ఈ రోగానికి మనుషులకు సిఫార్సు చేసే ముఖ్యమైన మందు ఇదే. గొర్రెల మందలో దీన్ని దుబారా చేస్తే, రేపు పేదవాళ్ల ఇంట్లో బిడ్డకు పనిచేయదు. ఒక మందుకు మనిషి, పశువు ఇద్దరూ కక్షిదారులే.

సరే, కొత్త మందు కనిపెట్టవచ్చు కదా అంటారు. ఒక కొత్త మందు ప్రయోగశాల నుంచి కొట్టుకు రావడానికి పదేళ్ల పైన పడుతుంది, కోట్ల మీద కోట్లు ఖర్చవుతుంది. గుండె జబ్బుకైతే, చక్కెర జబ్బుకైతే ఆ డబ్బు తిరిగి వస్తుంది. గొర్రె జలగ మందు కొనేది ఎవరు? గొర్రెల కాపరి. అతను ఎంత పెట్టగలడు? అందుకని కంపెనీలకు అంత తొందర లేదు. ఇలాంటప్పుడు శాస్త్రజ్ఞులకు మిగిలిన దారి మనకు బాగా తెలిసిన దారే: కొత్తది కొనలేనప్పుడు ఇంట్లో ఉన్నదాన్నే తిరగేసి చూడటం. పాత మందు అయితే దాని గుణదోషాలు ముందే తెలుసు, తయారుచేసే పద్ధతీ తెలుసు. మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు.

అలా తిరగేసిన వాటిలో మలేరియా మందు ఒకటి. చైనాలో తు యూయూ అనే శాస్త్రవేత్త ఒక మొక్క నుంచి ఆర్టెమిసినిన్ అనే మందును వెలికితీసింది. 2015 నోబెల్ బహుమతిలో ఆవిడకూ భాగం ఉంది. ఆ మొక్క ఎవరి చుట్టమో తెలుసా? మన వినాయక చవితి పత్రిలో మొట్టమొదట సమర్పించే మాచిపత్రికి దగ్గరి చుట్టం. రెండూ ఆర్టెమిసియా జాతివే. ఈ మందు నుంచి తయారైన ఆర్టిమీథర్, ఆర్టిసునేట్ అనేవాటిని స్విట్జర్లాండు, ఇటలీ శాస్త్రజ్ఞులు కలిసి, సహజంగా జలగ పట్టిన గొర్రెల మీద ప్రయోగించారు. 2008, 2010లలో ఆ ఫలితాలు వెలువడ్డాయి. ఆర్టిమీథర్ నోటి ద్వారా ఇస్తే ఫలితం లేదు. కండకు ఇంజెక్షనుగా పెద్ద మోతాదులో ఇస్తే జలగలు బాగా తగ్గాయి.

నోటితో ఇస్తే పనిచేయనిది సూదితో ఎందుకు పనిచేయాలి? గొర్రె మనలాంటి ఒక్క పొట్ట జీవి కాదు, నెమరువేసే జంతువు. మింగిన మందు ముందుగా పెద్ద పొట్టలో, కోట్లాది సూక్ష్మజీవుల మధ్య నానుతుంది. మనిషి కడుపులో ఒక విధంగా ప్రవర్తించే మందు అక్కడ వేరే విధంగా మారిపోవచ్చు. కాబట్టి మనిషి మోతాదును బరువు లెక్కన హెచ్చవేసి గొర్రెకు ఇస్తే సరిపోతుందనుకోవడం వట్టి భ్రమ.

ఈ మలేరియా మందు విషయంలో ఇంకో ధర్మసంకటం ఉంది. ఆగ్నేయాసియాలో మలేరియా క్రిమి కూడా ఈ మందుకు లొంగడం తగ్గించింది. మనుషుల ప్రాణాలు నిలబెట్టే ఈ మందును మందలకు మందలు పోస్తే ఎలా? ఖర్చు మాట ఎలాగూ ఉంది. అందుకే అది ప్రయోగాల దగ్గరే ఉంది తప్ప, కాపరి చేతికి రాలేదు.

మరో దారి బెల్‌ఫాస్టు శాస్త్రజ్ఞులు చూశారు. లొంగని జలగ, ట్రైక్లాబెండజోల్‌ను తన ఒంట్లో త్వరగా మార్చేసి తప్పించుకుంటుందేమోనని వాళ్ల అనుమానం. ఆ మార్పును ఆపడానికి కెటోకోనజోల్‌ను తోడుగా వేసి చూశారు. ఇది మనం తామరకు, చుండ్రుకు వాడే మందే. ప్రయోగశాలలో లొంగని జలగల మీద కూడా పాత మందు దెబ్బ పెరిగింది. ఇది కూడా ఇంకా మందకు చేరిన చికిత్స కాదు. కాని ఆలోచన చూడండి: పాత మందును పారేయకుండా, దానికి తోడుగా మరో పాత మందును నిలబెట్టడం.

ఇదంతా విన్నాక మీకు ఒక విషయం స్పష్టమై ఉంటుంది. పాత మందుకు కొత్త పని అప్పజెప్పడమంటే సీసా మీద పేరు మార్చడం కాదు. ఏ పురుగు, ఏ వయసు, ఏ జంతువు, ఎంత బరువు, ఏ దారిన ఇవ్వాలి, చూలుతో ఉందా, పాలిస్తోందా – ఇన్నిటినీ కొత్తగా పరీక్షించి తేల్చాలి. తేల్చకుండా చేసిన చోటల్లా నష్టమే వచ్చింది.

మరి మనం ఇంట్లో చేస్తున్నదేమిటి? పెద్దవాడికి రాసిన మందు మిగిలితే చిన్నదానికి సగం ముక్క ఇస్తాం. పక్కింటావిడకు తగ్గిందని ఆవిడ మాత్రే మనమూ మింగుతాం. 2021లో కోవిడ్ రోజుల్లో కొన్ని దేశాల్లో జనం పశువుల కోసం చేసిన ఐవర్‌మెక్టిన్‌ను కొనుక్కుని తిన్నారు. పశువుల మందు తినవద్దని అమెరికా ప్రభుత్వం హెచ్చరించవలసి వచ్చింది. మన దేశంలోనూ మొదట్లో కోవిడ్‌కు ఆ మందు సూచించారు. ఫలితం ఉన్నట్టు ఆధారాలు లేక 2021 సెప్టెంబరులో ఆ సూచనల్లోంచి తీసేశారు. పరీక్షకు నిలబడితే వాడటం, నిలబడకపోతే వదలడం, అదీ పద్ధతి. మాచిపత్రి మన పూజలో ఉందని, దాన్ని దంచి మలేరియాకో మరో దానికో తాగించడం కూడా పద్ధతి కాదు సుమా. మందు తీసింది దాని చుట్టం నుంచి, అదీ ఎంతో శోధన చేసి.

ఇక వంటింటికి సంబంధించిన నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

కార్జం కొనేటప్పుడు ముక్కలు కొట్టించకముందే ఒకసారి చూడండి. నునుపుగా, ముదురు ఎరుపులో, నొక్కితే మెత్తగా ఉండాలి. పైన తెల్లటి మచ్చలు, లోపల గట్టిపడిన తెల్లటి గొట్టాలు, ఆకులాంటి పురుగులు కనిపిస్తే తీసుకోకండి. అలాంటి కార్జాన్ని కొట్టువాడు పారేయవలసిందే. పొరపాటున ఇంటికి వచ్చినా భయపడనక్కర్లేదు. మనిషికి జలగ పట్టేది గడ్డి మీద, నీటి ఆకుల మీద ఉండే గుల్లల వల్లనే గాని, ఉడికించిన కార్జంలోని పెద్ద జలగ వల్ల కాదు. అయినా అటువంటిది వండటం దేనికి? కార్జం ఎప్పుడూ లోపల ఎరుపు లేకుండా ఉడకాలి.

తూటికూరలాంటి నీటిలో పెరిగే ఆకుకూరలను పచ్చిగా తినవద్దు. కడిగినంత మాత్రాన గుల్లలు ఊడిపోతాయని నమ్మకం లేదు. ఉడికిస్తే ఆ బాధ లేదు.

మందు పోసిన గొర్రెను వెంటనే కోయకూడదు. ఒక్కో మందుకు ఇన్ని రోజులని గడువు ఉంటుంది. కొన్నిటికి వారాల కొద్దీ ఉంటుంది. ఆ గడువు లోపల మాంసంలో, ముఖ్యంగా కార్జంలో, మందు మిగిలి ఉంటుంది. పండక్కి ఊళ్లో చుట్టాల మంద నుంచి గొర్రెను తెప్పించుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. "ఈ మధ్య నట్టల మందు పోశారా? పోసి ఎన్నాళ్లయింది?" అని ఒక్క మాట అడగండి. అడిగితే వాళ్లేమీ అనుకోరు.

మీ అన్నయ్యకో, బావగారికో గొర్రెలుంటే ఈ మాటలు వాళ్ల చెవిన వేయండి. పెంటికలు పరీక్ష చేయించి, జలగ ఉందని తేలాకే జలగ మందు పోయించాలి. గొర్రెను తూచి మోతాదు వేయించాలి. ఏడాదికోసారి పశువైద్యుడి సలహాతో మందు మార్చాలి. వానలు తగ్గాక, చెరువు వెనక్కి వెళ్లిన తడినేలలో మేపు తగ్గించి, తొట్టిలో నీళ్లు పెట్టాలి. వీలుంటే నాలుగు బాతులను ఆ నీటిలోకి వదిలితే నత్తలను తింటాయి. నత్త లేని చోట జలగ లేదు. జలగ లేని చోట మందుతోనే పని లేదు.

మందులు వాటంతట అవి పాతబడవు. ఆలోచన లేకుండా వాడి మనమే వాటిని పాతబరుస్తాం. అదే మందును ఆలోచనతో వాడితే, ఎన్నేళ్లయినా దానికి కొత్త పని దొరుకుతూనే ఉంటుంది. ఈ మాట గొర్రెల దొడ్డికి ఎంత వర్తిస్తుందో, మన ఇంటి మందుల డబ్బాకూ అంతే వర్తిస్తుంది.